కవర్ల పెట్టె వదలని అధ్యక్షుడు

కోటగిరి: దుబాయి, మస్కట్, సౌదీల నుంచి ఉత్తరాలు వచ్చే రోజుల్లో ఈ ప్రాంతపు పల్లెల్లో పోస్టుమాన్ కోసం ఎదురు చూడని వాడ ఉండేది కాదు. కోటగిరి, వర్ని, బోధన్, బాన్సువాడ చుట్టుపక్కల నుంచి ఎందరో పొట్ట చేతపట్టుకుని గల్ఫ్‌కు వెళ్ళారు. వచ్చిన ఉత్తరాన్ని పెద్దలు ఒకటికి రెండుసార్లు చదివించుకుంటుంటే పిల్లల కళ్ళు కవరు మీది రంగుల స్టాంపు మీద ఉండేవి. స్టాంపు ఉన్న మూలను చింపి, నీళ్ళలో నానబెట్టి, ఊడివచ్చిన స్టాంపును నోటుబుక్కులో అతికించుకునేవారు. మిగిలిన కవరు పొయ్యిలోకి పోయేది.

అక్కడే నష్టం జరిగిందని సేకరణలో ఆరితేరినవారు చెబుతారు. అలాంటి స్టాంపులు వేలకొద్దీ అచ్చవుతాయి. దానిమీద పడిన నల్లటి ముద్ర సంగతి అలా కాదు. ఉత్తరం ఏ ఊళ్ళో, ఏ తేదీన పోస్టులో పడిందో చెప్పేది ఆ ముద్రే. అందుచేత వారు స్టాంపును ఊడదీయరు. కవరును కవరుగానే దాస్తారు. అందులోనూ సముద్రం మీద తిరిగే యుద్ధనౌకల్లో కొట్టిన ముద్రలంటే ప్రాణం పెట్టేవారు దేశదేశాల్లో ఉన్నారు.

స్టాంపులు, కవర్లు, ఓడలు - ఈ మూడింటి మీదా తీరని మోజు పెంచుకుని, ప్రపంచంలోకెల్లా పెద్ద పదవుల్లో ఒకదానిలో కూర్చున్న మనిషి ఒకరున్నారు. ఆయనే ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్. అమెరికాకు వరుసగా నాలుగుసార్లు అధ్యక్షునిగా ఎన్నికైనది ఆయన ఒక్కరే. ఆ నాలుగు ఎన్నికలూ గెలిచినప్పుడు ఆయన తన కాళ్ళమీద తాను నిలబడలేని స్థితిలో ఉన్నారు.

మేనమామ ఇచ్చిన స్టాంపులు

రూజ్‌వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డున ఉన్న హైడ్ పార్క్‌లో జన్మించారు. కలిగిన కుటుంబం. తల్లి సారాకు ఒక్కడే కొడుకు. ఆమె తండ్రి చైనాతో వ్యాపారం చేసి గడించిన మనిషి. ఆ వ్యాపారంలో తేయాకుతోపాటు నల్లమందు కూడా ఉండేదన్నది దాచవలసిన విషయం కాదు. సారా చిన్నపిల్లగా ఉండగానే తెరచాప ఓడ ఎక్కి నెలల తరబడి ప్రయాణం చేసి హాంకాంగ్ వెళ్ళింది. ఆ దూరదేశపు రోజుల్లోనే ఆమెకు స్టాంపుల మీద మనసు పడింది. ఆమె పోగుచేసినవి తమ్ముడు ఫ్రెడరిక్ చేతికి వచ్చాయి. ఆయన వాటిని పెంచి పెద్దచేసి, మేనల్లుడి శ్రద్ధ చూశాక అతనికే ఇచ్చివేశారు. పదేళ్ళ వయసులో చేతికందిన ఆ ఆల్బం రూజ్‌వెల్ట్‌ను చివరివరకు విడవలేదు.

బడిలో చెప్పని భూగోళం స్టాంపుల ద్వారా ఒంటబట్టింది. ఏ దేశం ఎక్కడ ఉంది, ఎవరి ఏలుబడిలో ఉంది, అక్కడ ఏం పండుతుంది అన్నది ఆయనకు నాలుక మీద ఉండేది. అధ్యక్షుడయ్యాక, యుద్ధకాలంలో, పసిఫిక్ సముద్రంలోని చిన్నచిన్న దీవుల పేర్లు చెప్పి అధికారులను ఆశ్చర్యపరిచేవారు.

కుర్రవాడి అసలు కోరిక మాత్రం నౌకాదళంలో చేరాలని. అనాపొలిస్‌లోని నౌకాదళ కళాశాలకు వెళతానని అడిగారు. తండ్రి ఒప్పుకోలేదు. ఒక్కగానొక్క బిడ్డను సముద్రం పాలు చేయడానికి ఏ తల్లిదండ్రులకు మనసు ఒప్పుతుంది? హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, తరువాత న్యాయశాస్త్రం అభ్యసించారు. 1905లో దూరపు బంధువైన ఎలినార్‌ను వివాహమాడారు. అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆమెకు పెదతండ్రి, సొంత తండ్రికి అన్న. పెళ్ళిలో కన్యాదాత ఆయనే.

నావికుడు కావాలనుకున్నవాడు 1913లో, 31 ఏళ్ళ వయసులో, నౌకాదళ శాఖకు ఉపకార్యదర్శి అయ్యారు. ఓడ ఎక్కవద్దన్న తండ్రి అప్పటికి లేరు. ఏడేళ్ళకు పైగా ఆ కుర్చీలో పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1918లో, డయ్యర్ అనే డిస్ట్రాయర్‌లో అట్లాంటిక్ దాటి యూరపు వెళ్ళి వచ్చారు. ఓడల చిత్రాలు, ఓడల బొమ్మలు, నౌకాదళపు పాత పుస్తకాలు అప్పటినుంచే ఇల్లు నిండా చేరాయి.

అంతకు కొద్దికాలం ముందే, 1908లో, అమెరికా యుద్ధనౌకల్లో పోస్టాఫీసులు తెరవడానికి చట్టం వచ్చింది. సముద్రం మీద నెలల తరబడి ఉండే నావికులకు ఇంటి ఉత్తరమే ఆధారం. ఓడలోనే స్టాంపులు అమ్మేవారు, ఓడలోనే ముద్ర వేసేవారు. గుండ్రటి ముద్రలో ఊరి పేరు ఉండవలసిన చోట ఓడ పేరు ఉండేది. పక్కన అడ్డగీతలు ఉండేవి. ఆ గీతల మధ్య ఓడ ఆగిన రేవు పేరో, ఆ రోజు విశేషమో కూర్చే వీలుండేది. ఊరు కదలదు గనుక ఊరి ముద్ర ఎప్పుడూ ఒక్కటే. ఓడ కదులుతుంది. ఇవాళ పనామా, వచ్చే వారం హవాయి. కవర్ల ప్రియులకు ఆ ముద్రల మీద అంత మోజు ఏర్పడడానికి కారణం ఇదే.

మంచం మీద ఆల్బం

1921 ఆగస్టు. అప్పటికి రూజ్‌వెల్ట్ వయసు 39. అంతకు ముందటి సంవత్సరం ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయారు. కెనడాకు చెందిన కాంపొబెల్లో దీవిలో కుటుంబంతో సెలవులు గడుపుతున్నారు. ఒకరోజు చల్లటి నీటిలో ఈదివచ్చి, చలిగా ఉందని పడుకున్నారు. కొద్దిరోజుల్లో నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. వైద్యులు పోలియో అని తేల్చారు.

పోలియో అంటే ఏమిటో మన పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. చుక్కలమందు ఇంటింటికీ రాకముందు, ఈడ్చుకుంటూ నడిచే బిడ్డ లేని ఊరు అరుదు. రోగానికి పేదా గొప్పా తేడా లేదని అమెరికాలో ఆ సంవత్సరం తెలిసివచ్చింది. ధనం ఉంది, పేరుంది, నలుగురు నౌకర్లున్నారు. అయినా మంచం దిగాలంటే ఒకరు ఎత్తాలి. ఇక రాజకీయాలు చాలించి హైడ్ పార్క్‌లో పెద్దమనిషిగా కాలం గడపమని తల్లి కోరింది. భార్య, సన్నిహితులు వద్దన్నారు.

ఆ నెలలు ఎలా గడిచాయన్నదే అసలు విషయం. పుస్తకం ఎంతసేపని చదువుతారు? పలకరించడానికి వచ్చినవారు ఎంతసేపు కూర్చుంటారు? మంచం మీదే ఆల్బం పరచుకుని, చిమటాతో ఒక్కొక్క స్టాంపు తీసి, భూతద్దంలో చూసి, దాని చోట దానిని పెట్టేవారు. చేతులు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి. ఆ రెంటికీ సరిపడే పని అది. కాళ్ళు కదలని మనిషి ఒక పూటలో బ్రెజిల్, చైనా, హైతీ తిరిగి వచ్చేవారు. స్టాంపులే తనను బతికించాయన్నంతగా ఆయన తరువాతి కాలంలో వాటిని మెచ్చుకున్నారు.

కాళ్ళకు ఇనుప పట్టీలు కట్టుకుని, ఒక చేత కర్ర, ఒక చేత కొడుకు భుజం పట్టుకుని నాలుగడుగులు వేయడం నేర్చారు. 1928లో న్యూయార్క్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. 1932లో దేశాధ్యక్షునిగా గెలిచారు.

పగలు దేశం, రాత్రి స్టాంపులు

1933 మార్చి 4న ఆయన పదవి చేపట్టేనాటికి అమెరికాలో బ్యాంకులు మూతపడి ఉన్నాయి. పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. పంట ధర పడిపోయి రైతులు అప్పులపాలయ్యారు. ఆయన తెచ్చిన పథకాలన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టనక్కరలేదు గాని ఒకటి పల్లెవారికి నచ్చుతుంది. పదిళ్ళలో తొమ్మిదింటికి కరెంటు లేని అమెరికా రైతువాడలకు తీగలు లాగించడానికి 1935లో ఆయన ప్రత్యేక సంస్థను నెలకొల్పారు.

ఇంత భారం మోస్తూ కూడా పడుకోబోయే ముందు స్టాంపులు చూడడం మానలేదు. ప్రయాణాల్లో ఆల్బములు, చిమటా, భూతద్దం ఉన్న పెట్టె వెంట రావలసిందే. విదేశాంగ శాఖకు వచ్చిన కవర్లను ఆయనకు పంపేవారు. కొత్త స్టాంపుల నమూనాలు ఆయన చూసి సరేనంటేనే అచ్చుకు పోయేవి. ఆయన హయాంలో అలా రెండు వందలకు పైగా స్టాంపులు వెలువడ్డాయి. కొన్నిటికి తానే పెన్సిలుతో బొమ్మ గీసి ఇచ్చారు. 1933లో దక్షిణ ధ్రువానికి బయలుదేరిన అన్వేషకుడు బైర్డ్ పేర వచ్చిన స్టాంపు వాటిలో ఒకటి. ఆ స్టాంపుతోపాటు 50 సెంట్లు చెల్లిస్తే కవరును మంచుఖండం దాకా తీసుకుపోయి అక్కడి ముద్ర కొట్టి తెచ్చి ఇచ్చేవారు.

ఈ మోజు ఒకసారి తలవంపులు కూడా తెచ్చింది. పోస్టల్ శాఖ మంత్రి ఫార్లే, కొత్త స్టాంపుల షీట్లకు చిల్లులు పొడవకముందే వాటి ధర చెల్లించి తీసుకుని, సంతకం చేసి అధ్యక్షునికీ కొందరు స్నేహితులకూ కానుకగా ఇచ్చేవారు. బయట దొరకని సరుకు అది. అందులో ఒక షీటు బజారుకు రావడంతో గుట్టు బయటపడింది. దొరకు ఒక కొలత, రైతుకు ఒక కొలతా అని సేకరణదారులు మండిపడ్డారు. గొడవ పార్లమెంటు దాకా వెళ్ళింది. చివరకు 1935 మార్చిలో చిల్లులు లేని అవే స్టాంపులను మళ్ళీ అచ్చువేసి, అడిగినవారందరికీ అసలు ధరకే అమ్మవలసి వచ్చింది. అధ్యక్షుని కానుకల విలువ ఆ దెబ్బతో పడిపోయింది. న్యాయం మాత్రం నిలబడింది.

ఓడ ఎక్కితే దేశమంతా కవర్లు

నేల మీద నడవలేని మనిషికి సముద్రం మీద హాయి. 1934 జూలై 1న రూజ్‌వెల్ట్ అనాపొలిస్ వద్ద హ్యూస్టన్ అనే క్రూయిజర్ ఎక్కారు. ఒకనాడు విద్యార్థిగా అడుగుపెట్టాలని కలగన్న ఊరు అదే. పోర్టోరికో, వర్జిన్ దీవులు, కొలంబియా చూసుకుని, పనామా కాలువ దాటి, హవాయి దీవులకు వెళ్ళి, ఆగస్టు 3న పోర్ట్‌లండ్ రేవులో దిగారు. దారిలో గాలం వేసి చేపలు పట్టారు. పదవిలో ఉండగా హవాయి చూసిన మొదటి అధ్యక్షుడు ఆయనే. మళ్ళీ 1935లో, 1938లో, 1939లో అదే ఓడలో ప్రయాణించారు. 1936లో ఇండియానాపొలిస్ అనే మరో క్రూయిజర్‌లో దక్షిణ అమెరికా వెళ్ళివచ్చారు.

అధ్యక్షుడు ఎక్కిన ఓడ ముద్ర కావాలని ఎవరికి ఉండదు? అందుకు పద్ధతి చాలా తేలిక. తన చిరునామా తానే రాసి, స్టాంపు అంటించిన కవరును మరో పెద్ద కవరులో పెట్టి, ఓడలోని తపాలా గుమాస్తాకు పంపాలి. ఫలానా తేదీన ముద్ర కొట్టి దయచేసి పంపమని ఒక చీటీ జత చేయాలి. గుమాస్తా ఓపిక ఉన్నవాడైతే ముద్ర నీటుగా పడుతుంది. స్టాంపు ఖర్చు తప్ప మరొకటి లేదు. పనులు లేక జనం పస్తులుంటున్న ఆ సంవత్సరాల్లో మూడు సెంట్లకు దొరికే ఈ సరదాను బడిపిల్లలు, గుమాస్తాలు, రైతుబిడ్డలు పట్టుకున్నారు. సముద్రం ఎన్నడూ చూడని ఊళ్ళలో ఓడ ముద్రలు పోగుపడ్డాయి. ఓడ ముద్రల సేకరణదారులు 1932లోనే సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు.

ముద్రలో ఓడ పేరు మాయం

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. ఓడల ముద్రల్లోంచి ఓడ పేర్లు తీసివేశారు. ఏ ఓడ ఎక్కడుందో కవరు చూసి శత్రువు కనిపెట్టే ప్రమాదం ఉంది మరి. మిలిటరీలో కొడుకు ఉన్న ఇంటివారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. వారు ఉత్తరం మీద రాసేది 56 ఏ.పి.ఓ. అనే గాని ఫలానా కొండ, ఫలానా లోయ అని కాదు.

ఆ యుద్ధంలో మన నిజాం పేరుతో కూడా ఒక ఓడ తిరిగింది. నిజాంసాగర్‌కు ఉన్న పేరే దానికీ పెట్టారు. స్కాట్లండ్‌లో కట్టిన ఈ డిస్ట్రాయర్‌ను 1941 జనవరి నుంచి ఆస్ట్రేలియా నావికులు నడిపారు. మధ్యధరా సముద్రంలో, హిందూ మహాసముద్రంలో, పసిఫిక్‌లో పనిచేసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా తీరంలో ఒక పెద్ద అల వచ్చి పడి పదిమంది నావికులు కొట్టుకుపోయారు. మంజీర నీటితో పొలం తడుపుకునే ప్రాంతపు పేరు ఆ ఓడ మీద ఏడు సముద్రాలు చూసిందనుకోవచ్చు.

యుద్ధకాలంలో భారతదేశం విషయంలో రూజ్‌వెల్ట్ పాత్ర ఆశ పెట్టి ఆపివేసినట్లుగా ఉంది. 1941 ఆగస్టులో న్యూఫౌండ్‌లండ్ వద్ద యుద్ధనౌకల మీద ఆయన, బ్రిటిష్ ప్రధాని చర్చిల్ కలుసుకుని, ప్రజలకు తమ ప్రభుత్వాన్ని తాము ఎంచుకునే హక్కు ఉందని ప్రకటించారు. అది భారతదేశానికి వర్తించదని చర్చిల్ నెల తిరగకుండానే చెప్పారు. రూజ్‌వెల్ట్ 1942లో నచ్చజెప్పి చూశారు. చర్చిల్ వినకపోయేసరికి మెత్తబడ్డారు. ఆ ఏడాది జూలై 1న గాంధీజీ స్వయంగా ఆయనకు లేఖ రాశారు. నెల దాటి కొద్ది రోజులకే గాంధీజీ జైలులో ఉన్నారు. అదే ఏడాది, తమ దేశంలో ఉన్న లక్షమందికి పైగా జపాను సంతతివారిని, ఏ నేరమూ రుజువు కాకుండానే శిబిరాల్లో పెట్టడానికి దారితీసిన ఉత్తర్వు మీద సంతకం చేసింది కూడా రూజ్‌వెల్టే. ఆయన జీవితంలో అది చెరగని మచ్చ.

పది సెంట్ల ఉత్తరాలు

పోలియోతో బాధపడేవారి కోసం 1938లో ఆయన ఒక జాతీయ సంస్థను స్థాపించారు. ఒక్కొక్కరు పది సెంట్ల నాణెం చొప్పున అధ్యక్ష భవనానికి పంపమని రేడియోలో పిలుపు వెళ్ళింది. సంచులకొద్దీ, బండ్లకొద్దీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. భవనంలో అసలు ప్రభుత్వ ఉత్తరాలు వెదుక్కోవలసి వచ్చింది. లెక్క తేలేసరికి రెండు లక్షల 68 వేల డాలర్లు. ఎక్కువ భాగం చిల్లర నాణేలే. ఆ సంస్థ సొమ్ముతో పరిశోధన చేసిన డాక్టర్ జోనస్ సాల్క్ పోలియో టీకా పనిచేస్తున్నదని 1955 ఏప్రిల్ 12న ప్రకటన వెలువడింది. సరిగ్గా పదేళ్ళ కిందట, 1945 ఏప్రిల్ 12న, జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళం చిట్లి కన్నుమూశారు. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు.

ఆయన పోయిన 13 రోజులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి సభ మొదలైంది. ఆ సందర్భంగా విడుదలైన స్టాంపు మీద బొమ్మ లేదు, అక్షరాలే. వాటి కింద ఆయన పేరు ఉంది. ఆ తరువాత ఎన్నో దేశాలు ఆయన బొమ్మతో స్టాంపులు వేశాయి. మొనాకో అనే చిన్న దేశం 1947లో, ఆయన చిమటాతో స్టాంపు పరీక్షిస్తున్నట్లు వేసిన బొమ్మలో చేతికి ఆరు వేళ్ళు పడ్డాయి. స్టాంపుల్లో తప్పులు వెదకడం సరదాగా గల రూజ్‌వెల్ట్ బతికి ఉంటే దానిని మొదట ఆల్బంలో పెట్టుకునేవారేమో.

ఆయన సేకరణలో పన్నెండు లక్షల దాకా స్టాంపులు లెక్కతేలాయి. చాలావరకు చవకవే. 1946లో న్యూయార్క్‌లో వేలం వేస్తే రెండు లక్షల డాలర్లకు పైగా పలికాయి. కొన్నవారు స్టాంపు ధర కట్టలేదు, ఆ చేతుల ధర కట్టారు.

ఆయన ఎక్కిన ఓడలు రెండూ ఒడ్డుకు చేరలేదు. ఇండియానాపొలిస్‌ను 1945 జూలై 30న జపాన్ జలాంతర్గామి ముంచివేసింది. దాదాపు 1,200 మందిలో బతికినవారు 316 మంది. హ్యూస్టన్ అంతకు ముందే, 1942 మార్చి 1న, జావా వద్ద సుందా జలసంధిలో జపాన్ నౌకలతో పోరాడి మునిగిపోయింది. వెయ్యిమందికి పైగా ఉన్న ఓడలో 368 మంది ప్రాణాలతో శత్రువు చేతికి చిక్కారు. వారిలోనూ 77 మంది చెరలోనే చనిపోయారు. ఓడ ఏమైందో ఇళ్ళవారికి నెలల తరబడి తెలియలేదు. చివరి ఉత్తరం మీది ముద్రలో ఓడ పేరు కూడా ఉండని రోజులవి.

హ్యూస్టన్ ఇంకా ఆ జలసంధి అడుగునే ఉంది. అందులో 1934 వేసవిలో ముద్ర పడిన కవర్లు మాత్రం ఓడ పేరు, తేదీ, రేవు పేరుతో సహా సేకరణదారుల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి.